20వ తారీఖు దాటాక ఇల్లెలా నడపాలి? పొదుపు మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. జీతం అక్కడే ఉంది, ఖర్చు పెరిగింది, ఏం చెయ్యమంటారు అని. అన్నిటికీ విడివిడిగా రాయడం కుదరదు కాబట్టి ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. అన్నీ మన విశాఖ నుంచి వచ్చినవే. నేను కంచరపాలెంలో పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు మా ఇంట్లో చేసి చూసినవే.

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. మా వారిది కాంట్రాక్టు పని, చేతికి 24 వేలు వస్తుంది. అద్దె 7 వేలు. పాప మూడో తరగతి, బాబు యూకేజీ. ప్రతి నెలా 20వ తారీఖు వచ్చేసరికి చేతిలో పైసా ఉండదు, పక్కింటావిడ దగ్గర చేబదులు తప్పడం లేదు. నేను దుబారా మనిషిని కాదు, పండగకి తప్ప చీర కొనను. ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, 24 వేలలో అద్దె పోతే మిగిలేది 17 వేలు. అందులోనే నలుగురు తినాలి, ఇద్దరు చదవాలి, గ్యాసు, కరెంటు, ఫోన్లు, ఆటోలు, జ్వరం వస్తే డాక్టరు. నెలాఖరుకి చాలకపోతే అది మీ చేతకానితనం కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఏదో తప్పు చేశామన్న బాధతో మొదలుపెట్టిన పొదుపు పది రోజులు కూడా సాగదు, పదకొండో రోజున విసుగొచ్చి అంతకు రెండింతలు ఖర్చుపెడతాం.

ఈ నెల ఏదీ తగ్గించకండి. రాయండి, అంతే. పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చాలు. దానికి దారంతో పెన్ను కట్టి వంటగదిలో మేకుకి తగిలించండి, పెన్ను వెతుక్కోవాల్సి వచ్చిన రోజున రాయడం మానేస్తాం. 10 రూపాయల కొత్తిమీర దగ్గర్నుంచి ఫోన్లో స్కాన్ చేసి కట్టిన ప్రతిదీ అందులో పడాలి, పక్కన టైము కూడా వెయ్యండి. ఆ టైమే అసలు సంగతి చెబుతుంది.

కొన్నేళ్ళ క్రితం మా వారికి మూడు నెలలు జీతం ఆగిపోయినప్పుడు నేనూ ఇలాగే రాశాను. బియ్యం, పప్పు, నూనె దగ్గర ఎక్కడో ఎక్కువ పోతోందనుకున్నాను. నెలాఖరున కూడితే కిరాణా లెక్క బాగానే ఉంది, సాయంత్రం 5 నుంచి 8 మధ్య అయిన ఖర్చే మమ్మల్ని ముంచుతోందని తేలింది. ఓపిక లేక కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కూర, బడి నుంచి వచ్చిన పిల్లలకి కొన్న చిప్స్ ప్యాకెట్లు, రేపటి టిఫిన్‌కి దోసెల పిండి. ఒక్కొక్కటి 20, 30, 50 రూపాయలు. అన్నీ కలిపితే ఆ నెల 2,600. ఆ రోజుల్లో అది మాకు చాలా పెద్ద మొత్తం.

అందుకని సాయంత్రాన్ని ఉదయమే చూసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్న పప్పు పెట్టేటప్పుడే రాత్రికి సరిపడా కుక్కర్లో వేసేదాన్ని (పప్పు అరగంట నానబెట్టి వేస్తే గ్యాసు కూడా కలిసొస్తుంది). ఆదివారం మినప్పప్పు రుబ్బితే నాలుగు రోజులు నడుస్తుంది. మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు దోసె, నాలుగో రోజు పిండి పులుస్తుంది కాబట్టి దిబ్బరొట్టె గానీ పునుగులు గానీ. పిల్లలు బడి నుంచి వచ్చే టైముకి వేడివేడి పునుగులుంటే ప్యాకెట్ అడగరు, మా వాళ్ళు అడగలేదు.

ఇక కూరగాయలు. వారానికి రెండుసార్లు రైతుబజారుకి వెళ్ళండి, ఫోన్లో ఆర్డర్ పెట్టే అలవాటుంటే ముందు అది ఆపండి. 1999లో ఈ బజార్లు పెట్టినప్పటి నుంచీ బోర్డు మీద ఆ రోజు ధరలు రాసే పద్ధతి ఉంది, ముందు ఆ బోర్డు చదివి తర్వాత సంచి తెరవండి. ఏం వండాలో అనుకుని వెళ్ళకండి, అక్కడ ఏది చవకగా, తాజాగా ఉందో అదే ఆ వారం కూర. ఆనపకాయ చవకైన వారం ఆనపకాయ పులుసు, తొక్కు పారెయ్యకుండా పచ్చడి.

ఏడాది సరుకు ఒకేసారి కొనమని అందరూ చెబుతారు, మీ జీతంలో అది కుదరదని నాకు తెలుసు. ఈ ఏడాది ఒక్కటే పెట్టుకోండి, చింతపండు. కొత్త చింతపండు ఎండాకాలం మొదట్లో వస్తుంది. పూర్ణామార్కెట్లో ఐదారు కిలోలు తీసుకుని, గింజలూ ఈనెలూ తీసి, రెండు రోజులు ఎండబెట్టి, కాస్త రాళ్ళ ఉప్పు చల్లి జాడీలో దట్టంగా కూరితే ఏడాదంతా చిన్న ప్యాకెట్లు కొనక్కర్లేదు. వచ్చే ఏడాది దానికి ఎండుమిర్చి కలపండి, ఆపై ఏడాది కందిపప్పు. అలా మూడేళ్ళలో మీ ఇంట్లో మూడు వస్తువులు నిలవుంటాయి. బియ్యం బస్తా కొనేటప్పుడు బరువు చూసుకోండి. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ పెట్టాక 26 కిలోల బస్తాలు వచ్చాయి, కాబట్టి రెండు కొట్ల ధర పోల్చేటప్పుడు బస్తా ధర కాదు, కిలో ధర అడగాలి.

మరొకటి చోళ్ళు. రాగులని బయట ఎంతో గొప్పగా అమ్ముతున్నది మన చోళ్ళనే. రాత్రి నాలుగు చెంచాల చోడి పిండి నీళ్ళలో కలిపి మూత పెట్టేస్తే పొద్దుటికి కాస్త పులుపెక్కుతుంది. బియ్యపు నూక ఉడికించి అందులో ఈ పిండి పోసి, ఉండ కట్టకుండా తిప్పి దించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, ఎదిగే పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి. వారంలో మూడు పొద్దులు అంబలి పెట్టినా టిఫిన్ ఖర్చులో తేడా మీకే కనిపిస్తుంది.

మిగిలిన డబ్బుతో ముందు పక్కింటావిడ బాకీ తీర్చండి. తర్వాత పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ తెరవండి, నెలకి 100 రూపాయలతోనైనా తెరవొచ్చు. పాపకి పదేళ్ళు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా కూడా తెరవండి, ఏడాదికి కనీసం 250 కడితే చాలు. వీలైనప్పుడు ఎక్కువ కడుదురుగాని, ఖాతా అంటూ ఉండాలి. తెలిసినవాళ్ళు నడుపుతున్నారు కదా అని రిజిస్టర్ కాని చీటీలో మాత్రం కట్టకండి. నేను ఒకసారి 18 వేలు పోగొట్టుకున్నాను, ఆ మనిషి రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, అడగడానికి ఒక్క కాగితం లేదు.

మూడు నెలల తర్వాత ఆ నోటుబుక్కులో ఏం తేలిందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు అపార్ట్‌మెంట్. బాల్కనీలో కూరగాయలు వెయ్యాలని మూడుసార్లు ప్రయత్నించాను. నర్సరీ నుంచి కుండీలు, మట్టి, మొక్కలు కలిపి 5 వేలకు పైగా ఖర్చయింది. టమాటాలు నాలుగు కాశాయి. ఆకులు అంచుల్లో మాడిపోతున్నాయి. ఎండ, నీళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. తప్పెక్కడ?

జవాబు: అంచులు మాడడానికి సముద్రపు గాలి కూడా కారణం కావచ్చు. తీరానికి దగ్గరగా ఉన్న మేడల మీద గాలితోపాటు ఉప్పు కూడా వచ్చి ఆకుల మీద పేరుకుంటుంది. గాలి ఎక్కువ వీచిన రోజు సాయంత్రం మంచినీళ్ళతో ఆకులు కడగండి, సముద్రం వైపు పచ్చ నెట్ కట్టండి. రెండోది మట్టి. ఉత్త ఎర్రమట్టి కుండీలో నెల తిరక్కుండానే ఇటుకలా గట్టిపడుతుంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు లేదా ఇంటి కంపోస్టు, కొబ్బరిపొట్టు, మూడూ సమానంగా కలపండి. కుండీ అడుగున నీళ్ళు పోవడానికి చిల్లులు తప్పనిసరి.

కానీ నా ఉద్దేశంలో అసలు పొరపాటు టమాటాతో మొదలుపెట్టడం. కుండీల్లో కొత్తగా పెంచేవాళ్ళకి టమాటా కష్టం, మన ఎండలకి పూత రాలిపోతుంది, పురుగు పడుతుంది. బాల్కనీ తోటతో కూరగాయల ఖర్చు సగం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తగ్గేది వేరే. 10 రూపాయలకి కొని, నాలుగు రెమ్మలు వాడి, మిగతాది ఫ్రిజ్‌లో కుళ్ళబెట్టేవి ఉంటాయి చూడండి, కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, ఆకుకూర. ఆ ఖర్చు పూర్తిగా పోతుంది.

బచ్చలితో మొదలుపెట్టండి, విత్తనం కూడా కొనక్కర్లేదు. బజార్లో బచ్చలి కట్ట కొన్నప్పుడు ఆకులు దూసుకుని కాడలు పారేస్తాం కదా, అందులో లావుగా ఉన్నవి నాలుగు ఏరండి. జానెడు పొడవు ఉంచి, కింద రెండు కణుపులు మట్టిలోకి పోయేలా కాస్త ఏటవాలుగా గుచ్చండి. పైన ఒక ఆకు ఉంటే చాలు, మిగతావి తీసెయ్యండి, లేకపోతే వేరు రాకముందే నీరంతా ఆకులే లాగేస్తాయి. నాలుగైదు రోజులు వడలినట్టు వేలాడుతుంది, చచ్చిపోయిందని పీకకండి. పది రోజులకి కణుపు పక్కన గింజంత చిగురు కనిపిస్తుంది. గ్రిల్‌కి ఒక తాడు కట్టారంటే అదే పాక్కుంటూ పోతుంది, మీరు వారానికోసారి పప్పులోకి కోసుకోవడమే. పుదీనా కూడా ఇలాగే కాడతో బతుకుతుంది. మెంతులు పోపుల డబ్బాలోవి చల్లినా మూడు వారాలకి కూరకొస్తాయి. తోటకూరకి నెల చాలు. గంగవావిలి కూర ఉప్పుని బాగా ఓర్చుకుంటుంది, సముద్రం వైపు బాల్కనీకి అంతకంటే మొండి మొక్క లేదు.

కుండీలు ఇక కొనకండి. చేపలొచ్చే థర్మోకోల్ పెట్టెలు, పెయింట్ బకెట్లు అడిగితే ఊరికే ఇస్తారు, కడిగి అడుగున చిల్లులు పెట్టుకుంటే చాలు.

కంపోస్టుకి ఒక పాత బకెట్ పక్కలకి చిల్లులు పెట్టండి. అడుగున ఎండుటాకులు, పైన కూరగాయల తొక్కలు, టీ పొడి, మళ్ళీ ఎండుటాకులు, మధ్యమధ్యలో గుప్పెడు పాత మట్టి, ఉంటే పుల్లటి మజ్జిగ కాస్త. వండిన కూరలు, చేప ముళ్ళు వెయ్యొద్దు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, చింపిన న్యూస్‌పేపరు ముక్కలు వేసి కలపండి, రెండు రోజుల్లో పోతుంది. రెండు మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డప్పటి మట్టి వాసన వస్తే అది తయారైనట్టు.

ప్రశ్న: మర్రిపాలెం నుంచి రాస్తున్నాను. మాకు నెలకి 240 యూనిట్ల వరకు అవుతోంది. ఏసీ లేదు, మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ. సోలార్ పెట్టించుకుంటే బిల్లు రాదంటున్నారు, సొంత ఇల్లే. పెట్టించమంటారా?

జవాబు: సోలార్ సంగతికి ముందు శ్లాబులు చూద్దాం. మన దగ్గర 2022 ఆగస్టు నుంచి ఉన్న గృహ శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపై 400 వరకు 8.75. అంటే మీ 240 యూనిట్లకి కరెంటు ఛార్జీ ఒక్కటే 1,148 రూపాయలు, మిగతా ఛార్జీలు దానికి అదనం. అదే 220కి దింపితే 987. తగ్గింది 20 యూనిట్లే, కానీ అవి అన్నిటికంటే ఖరీదైన 20.

ఆ 20 ఎక్కడ తగ్గుతాయంటే, ఒక్క ఫ్యాన్ దగ్గరే. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. కరెంటు తక్కువ లాగే కొత్త రకం మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్ల చుట్టుపక్కల. హాల్లో ఫ్యాను రోజుకి 16 గంటలు తిరిగితే నెలకి 21 యూనిట్ల తేడా. మూడూ ఒకేసారి మార్చొద్దు, ఎక్కువ తిరిగేది ముందు మార్చండి, ఆ మిగులుతో రెండోది.

సోలార్ మంచిదే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల వరకు కేంద్ర సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ మంచి ఎండలో రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తుంది, మీకు రెండు కిలోవాట్లు దాదాపు సరిపోతాయి. అయితే రెండు విషయాలు అమ్మేవాళ్ళు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపే మామూలు సోలార్, వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా పెడతారు. తుఫానుకి పనికొస్తుందనుకుని పెట్టించుకుంటే నిరాశే. రెండోది, మనది తుఫాన్ల ఊరు. ప్యానెళ్ళు నిలబెట్టే స్టాండు ఎంత గాలికి తట్టుకుంటుందో కాగితం మీద రాయించుకోండి, స్లాబుకి ఎలా బిగిస్తారో దగ్గరుండి చూడండి. ముందు ఫ్యాన్లు మార్చి మూడు నెలల బిల్లులు చూశాక ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి.

ప్రశ్న: నాకు పెళ్ళై ఏడాది అయింది. ఇద్దరం మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మా అత్తగారు పాల ప్యాకెట్లు కడిగి ఆరబెడతారు, పాత చీరలన్నీ మూట కట్టి ఉంచారు, పాత మందులు కూడా పారెయ్యనివ్వరు. వేయించిన నూనె మళ్ళీ మళ్ళీ వాడతారు. ఫ్రెండ్స్ ఇంటికొస్తే సిగ్గుగా ఉంటోంది. ఆవిడ పీనాసి అని అనలేక, ఊరుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంటికొచ్చినవాళ్ళకి ఆవిడ అన్నం పెడతారా? పనమ్మాయికి జీతం ఒకటో తారీఖున ఇస్తారా? మీకు జ్వరం వస్తే ఆటోకి డబ్బులు చూసుకుంటారా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే ఆవిడ పీనాసి కాదమ్మా. ఎదుటివాళ్ళకి పెట్టాల్సింది పెట్టకపోవడం పీనాసితనం, తనకి అక్కర్లేనిది వదులుకోవడం పొదుపు. ఆవిడ ఏ రోజుల్లో, ఎంత జీతంతో మీ ఆయన్ని చదివించారో ఒక ఆదివారం కూర్చుని అడగండి. నిజంగా అడగండి, ఓపిగ్గా వినండి.

అయినా అన్నిటికీ తలూపమని చెప్పను. మాడిన నూనె మళ్ళీ వాడకూడదు, అది ఆరోగ్యం సంగతి. డేటు దాటిన మందులు ఇంట్లో ఉండకూడదు. ఈ రెండూ మీ ఆయన చేత, నెమ్మదిగా చెప్పించండి, మీరు చెబితే ఆవిడకి వేరేలా వినిపించొచ్చు. నూనె మిగలకుండా ఉండాలంటే చిన్న మూకుడు కొనివ్వండి, కొంచెం నూనెతోనే వేగిపోతాయి. పాల ప్యాకెట్లు పాత సామాన్ల అతనికి అమ్మించండి. చీరల మూట మాత్రం విప్పండి. నాలుగు నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి పొడుగు కుట్లు వేస్తే బొంత అవుతుంది, డిసెంబరులో దానంత సుఖమైన దుప్పటి కొట్లో దొరకదు. ఆవిడకి తప్పక వచ్చే ఉంటుంది, నేర్పమని అడగండి.

ప్రశ్న: పెదవాల్తేరులో ఉంటాం. రెండేళ్ళుగా ఆవకాయ వానాకాలం రాకుండానే బూజు పడుతోంది. పైన బూజు తీసేసి వాడొచ్చా? అలాగే మేం చేపలు ఎక్కువ తింటాం, ఆ ఖర్చు తగ్గే దారి చెప్పండి.

జవాబు: వాడొద్దు. పైన తీసేసినా లోపలికి పాకి ఉంటుంది, మొత్తం పారెయ్యడమే. బాధగానే ఉంటుంది, మా ఇంట్లో నాలుగు కిలోల కాయ అలా పోయింది, కారణం ఒక్క తడి గరిటె. మన ఊరి గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ ఊరగాయకి జాగ్రత్త రెండింతలు కావాలి. కాయలు కడిగాక పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద ఇంకో గంట ఉంచండి, కత్తిపీట కూడా ఆరాలి. ఉప్పు తగ్గించొద్దు, బీపీ ఉన్నవాళ్ళుంటే తినేది తగ్గించాలి కానీ జాడీలో ఉప్పు కాదు. మూడో రోజు తిరగ కలిపాక ముక్క మునిగి పైన వేలెడు నూనె తేలాలి. పెద్ద జాడీ నెలకొకసారి మాత్రమే తెరిచి చిన్న సీసాలోకి తీసుకోండి, రోజూ ముట్టుకునేది ఆ సీసానే.

చేపల విషయానికొస్తే వంజరం, చందువా పక్కన పెట్టి కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు తినండి. ధరలో ఎంతో తేడా, పోషకాల్లో ఏమీ తీసిపోవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు, అప్పుడు పచ్చి చేప ధర మండిపోతుంది. ఆ రెండు నెలలకి ముందే ఎండు నెత్తళ్ళు కొని, మీ డాబా మీద ఇంకో రెండు ఎండలు చూపించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. వంకాయతో ఎండు నెత్తళ్ళ కూర ఉంటే వేట లేదన్న బెంగే ఉండదు.

ప్రశ్న: సీతమ్మధార. వయసు 62, ఈమధ్యే రిటైరయ్యాను. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని నా కోరిక. ఆనందపురం వైపు ఎకరం కొని అక్కడే ఉందామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. పట్నంలో ఉండి స్వయం సమృద్ధి సాధ్యమేనా?

జవాబు: అన్నయ్యగారూ, మా వదినగారి పక్షాన మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. 62 ఏళ్ళకి, ఎప్పుడూ సేద్యం చెయ్యని చేతులతో, ఉన్న డబ్బంతా భూమిలో పెట్టడం నాకూ ఇష్టం లేదు. అంతగా మనసైతే ఒక పంటకాలం కౌలుకి తీసుకుని వెళ్ళొస్తూ చూడండి. నీళ్ళు, కూలీలు, కోతులు, అన్నీ అప్పుడు తెలుస్తాయి.

పట్నంలో సాధ్యమా అంటే నాకు గుర్తొచ్చేది 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. మర్నాడు లేచి చూస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. మా ఇంటికి ఆరు రోజులు కరెంటు లేదు, మోటారు లేక నీళ్ళు లేవు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, పెట్రోలుకి బారులు, పాల ప్యాకెట్ ఎంత చెబితే అంత. మా వీధిలో మంచి మంచి మేడలున్నాయి, ఇన్వర్టర్లున్నాయి, రెండో రోజుకి అన్నీ ఆగిపోయాయి. నడిచిన ఇల్లు ఒక్కటే, వీధి చివర పెంకుటింట్లో ఉండే ముసలమ్మగారిది. ఆవిడ పెరట్లో నుయ్యి ఉంది, చేద ఉంది. డబ్బాలో చోళ్ళు, పప్పు, జాడీల్లో ఊరగాయలు. పడిపోయిన చెట్ల కొమ్మలే వంటచెరకు. మూడు రాళ్ళ పొయ్యి మీద ఐదు కుటుంబాలకి ఆవిడ పెరట్లోనే వంటయింది, మా పిల్లలు ఆ ఆరు రోజులూ అక్కడే తిన్నారు. ఎవరి మీదా ఆధారపడకపోవడం అని మీరన్నారు కదా, నాకైతే ఆ రోజు నుంచి ఆవిడలా పదిమందికి ఆసరా కాగలగడమే కావాలనిపించింది.

కాబట్టి మీరు సీతమ్మధారలోనే ఉండి వారం పది రోజులు ఇల్లు దానంతట అది నడిచేలా చేసుకోండి. ముందు నీళ్ళు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన నలుగురికి వారానికి 112 లీటర్లు. తుఫాను కబురు రాగానే ఇంట్లో ఉన్న ప్రతి బిందె, కుక్కరు, డ్రమ్ము నింపెయ్యాలి. సొంత డాబా ఉంటే వాన నీళ్ళు పట్టుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడిందంటే 1,800 లీటర్లకు పైనే, కొంత పోయినా ఒకటిన్నర వేలు మిగులుతాయి. మొదటి వాన డాబా కడుక్కుపోవడానికి వదిలెయ్యండి, తర్వాత గొట్టానికి గుడ్డ కట్టి డ్రమ్ములోకి తిప్పండి. డ్రమ్ము మీద దోమతెర తప్పనిసరి, లేకపోతే డెంగీ కొనితెచ్చుకున్నట్టే. ఆ నీళ్ళు మొక్కలకి, బట్టలకి, బాత్రూమ్‌కి. ఎక్కువైనవి ఇంకుడు గుంతలోకి వదలండి, నేల తాగితే మీ బోరుకే మంచిది.

రెండోది చేతిపని. మీకిప్పుడు టైముంది. కొళాయి వాషర్ మార్చడం, కుక్కర్ రబ్బరు, వాల్వు చూసుకోవడం, మిక్సీ జారు అడుగున అరిగిపోయిన ప్లాస్టిక్ ముక్క మార్చడం, ఊడిన చొక్కా గుండీ. ఇవన్నీ నేర్చుకోవడానికి వారం చాలు. కుళాయి కారితే ప్లంబరు వచ్చేదాకా మూడు రోజులు బకెట్ పెట్టుకోనక్కర్లేదు. కరెంటు పని మాత్రం వైరింగ్ దాకా వెళ్ళకండి, అది తెలిసినవాళ్ళకే వదలండి.

మూడోది ఒక పెట్టె. మా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు పాలిథిన్ కవర్లో చుట్టి, వారం రోజుల బీపీ మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నైలాన్ తాడు, చిన్న రేడియో, 10, 20, 50 నోట్లలో 3 వేలు, ఆధార్, ఇంటి పత్రాల జెరాక్సులు ఉంటాయి. చిల్లర నోట్లు ఎందుకంటే ఆ రోజుల్లో 500 ఇస్తే ఎవరి దగ్గరా చిల్లర లేదు. మన దగ్గర పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి ఏటా సెప్టెంబరు చివర్లో పెట్టె మొత్తం బయటికి తీసి చూస్తాను. పోయినసారి తీస్తే టార్చిలో వదిలేసిన సెల్లులు కారి, స్ప్రింగు తుప్పు పట్టిపోయింది. అందుకే ఇప్పుడు సెల్లులు బయటికి తీసి, వేరే కవర్లో చుట్టి, టార్చి పక్కనే రబ్బరు బ్యాండుతో కట్టి పెడుతున్నాను.